రామప్ప చెరువును ఏ ఖాతాలో రాయాలి?

మత్తడి:
నేను ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది రామప్ప చెరువు ఆయకట్టు ఊరు. నాన్నకున్న రెండెకరాలు ఆ నీళ్ల మీదే పారతాయి. ప్రాజెక్టుకి రామప్ప గుడి ఆర్థిక విలువ అంచనా తీసుకున్నాను. విలువ కట్టే ముందు దేన్ని ఏ వర్గంలో పెట్టాలో తేల్చుకోవాలి కదా, అక్కడే ఆగిపోయాను.

గుడిని 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. చెరువూ ఆ కాలానిదే. గుడి, చెరువు, ఊరు కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. 2021లో యునెస్కో జాబితాకు ఎక్కింది మాత్రం గుడి పేరే. మా గైడ్ సార్ గుడిని కట్టడంగా రాసి, చెరువు సాగునీటి వనరు కాబట్టి వదిలేయమన్నారు. నాకు మనసొప్పడం లేదు. విడిగా పడి ఉన్న శిల్పాలు, పేరిణి నాట్యం ఎక్కడ రాయాలో కూడా తెలియడం లేదు.

ఇంకో సంగతి. "గుడిని కాపాడడానికి ఏడాదికి ఎంత ఇస్తారు?" అని సర్వేలో ఒక పెద్దాయనను అడిగితే, "దేవునికి రేటు కడతవా బిడ్డా?" అని లేచి వెళ్లిపోయారు. ఫారంలో సున్నా వేశాను. అప్పటి నుంచి అదే టెన్షన్.

లెక్కల సార్:
ముందు ఆ సున్నా కొట్టేయండమ్మా. గుడి అంటే విలువ లేక పైసా ఇవ్వనన్నవాళ్లది సున్నా. ఆయన ప్రశ్ననే ఒప్పుకోలేదు. దాన్ని నిరసన సమాధానం అంటారు, సగటులో కలపకుండా విడిగా చూపిస్తారు. మన ఊళ్లలో డబ్బు బదులు "ఎన్ని రోజులు పనికి వస్తారు?" అని అడిగి చూడండి. జవాబులు తేలిగ్గా వస్తాయి.

చెరువును వదలకండి, రెండు వరుసల్లో రాయండి. మొదటిది నీళ్లు. ఆయకట్టు ఎకరానికి, పక్కనున్న మెట్ట ఎకరానికి ఆదాయంలో ఎంత తేడా ఉందో చూస్తే అది వస్తుంది. అయితే పంట ఆదాయం లెక్కేశాక ఆ భూమి ధర పెరిగిందని మళ్లీ కలపకూడదు. నీళ్లున్నందుకే ఆ ధర, ఒకే నీటిని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. చాలా రిపోర్టులు ఇక్కడే తప్పుతాయి.

రెండో వరుసకు మీ ఊళ్లో ఒక మాట అడగండి. ఈ కట్ట తీసేసి ఇదే చోట కొత్తది కడితే, ఇంతే నీళ్లు నిలుస్తాయంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే, ఆ ఒప్పుకోకపోవడంలో ఉన్నదే వారసత్వ విలువ. మొదటి వరుసలో అది పడదు.

పాతరాయి:
నేను పురాతన కట్టడాల పనిలో చాలా ఏళ్లున్నాను. శిల్పాల గురించి చెబుతాను. చూరు కింద స్తంభాలకున్న మదనిక (స్త్రీ శిల్పం) గుడిలో భాగం, దానికి వేరే వరుస వద్దు. కట్టడం నుంచి విడిపోయిన శిల్పం, వందేళ్లు దాటినదైతే, 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. కాబట్టి వేరే వర్గం. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం, అందుకే విదేశీ వేలం ధర తెచ్చి వేయకండి. అమ్మకూడని చోట ఆ ధర ఎవరికి వస్తుంది? సంరక్షణకయ్యే ఖర్చు రాస్తే నిజాయితీగా ఉంటుంది, కాకపోతే అది ఖర్చేగాని విలువ కాదని పక్కనే రాయాలి.

పేరిణి అభౌతిక వారసత్వం, అంటే రాయిలా చేత్తో తాకలేనిది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు, కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం 'నృత్తరత్నావళి'నీ రామప్ప శిల్పాలనూ చూసి దానికి మళ్లీ ప్రాణం పోశారు. ఇప్పుడది నేర్పేవాళ్ల ఒంట్లో ఉంది. గురువుల ఆదాయం, నేర్చుకునేవాళ్ల ఫీజులు, ప్రదర్శనలు ఆ వరుసలోకి వస్తాయి.

జంపన్నవాగు:
అక్కా, గుడి విలువ కోసం సందర్శకుల ప్రయాణ ఖర్చు లెక్కేస్తుంటే ఒకటి గమనించు. మేడారం జాతర ఏడాదిలో చాలామంది సమ్మక్క సారలమ్మ దగ్గరికి బయల్దేరి, దారిలో రామప్ప, లక్నవరం చూసి పోతారు. ఆ బస్సు ఖర్చంతా రామప్ప ఖాతాలో వేస్తే తప్పు. "ఇల్లు కదిలింది దేనికోసం?" అని ఒక్క ప్రశ్న ఫారంలో పెట్టు. మా బావ దుబాయిలో ఉంటాడు, గుడికి వచ్చి ఏళ్లయింది, అయినా అది అలాగే ఉండాలంటాడు. గుడికి రాకపోయినా విలువిచ్చే అలాంటివాళ్లని గేటు దగ్గర నిలబడి సర్వే చేస్తే పట్టుకోలేం.

మత్తడి:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం ఆ పెద్దాయన ఇంటికే వెళ్లాను. కొత్త కట్ట మాట ఎత్తగానే, "మా తాత మన్ను పోసిన కట్ట అది" అన్నారు. దాని మరమ్మతుకు ఏడాదికి నాలుగు రోజులు వస్తారట. గుడి సంగతి మాత్రం అడగొద్దన్నారు. ఫారంలో చెరువు ఎదుట నాలుగు రోజుల కూలి రాశాను. గుడి గడిని ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీగా ఉందో ఆయన మాటల్లోనే కింద రాశాను. మా గైడ్ సార్‌తో రేపు మాట్లాడుతున్నాను.