సమస్య: కారు కదలకున్న కడప జేరె

బురుజు నీడ (నిర్వాహకుడు, కర్నూలు):
ఆ రోడ్డు ప్రయాణం కామెడీ సినిమాకు పోయి వచ్చినవాళ్ళ ఏడుపు నాలుగు రోజులుగా వింటున్నాను. వచనంలో ఏడ్చింది చాలు, ఆటవెలది పద్యంలో ఏడవండి. కింద ఇచ్చింది నాలుగో పాదం, దానికి అతికేలా పై మూడు పాదాలు మీరు రాయాలి. సినిమా పేరు, హీరో పేరు రాయవద్దు. చూసినవాళ్ళకు తెలుసు, చూడనివాళ్ళు అదృష్టవంతులు. హీరోను మాత్రం అనవసరంగా తిట్టొద్దు, ఆ కుర్రోడి వల్లే నేను ఇంటర్వెల్ తర్వాత కూడా కుర్చీలో ఉన్నా.

కారు కదలకున్న కడప జేరె

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
మొదటి బోణీ నాది.

పచ్చ గుడ్డ ముందు బండిని నిలబెట్టి
చెట్లు కొండలన్ని చేర్చి వెనుక
గాలిపంక పెట్టి కదిలించ జుట్టును
కారు కదలకున్న కడప జేరె

ఉగ్గాని బజ్జి (అనంతపురం):
అన్నా, గాలిపంక! అక్కడే పడిపోయినా. సినిమాలో హీరోయిన్ జుట్టు ఎప్పుడూ ఎడమ పక్కకే ఎగురుతుంది, కారు ఏ మలుపు తిరిగినా సరే.

కేసీ కాలువ (నంద్యాల):
పద్యం బాగుంది. కారును లారీ మీదికెక్కించి, ముందర కెమెరా పెట్టి లాగినా అద్దాల్లో నిజమైన ఎండ పడేది. వీళ్ళకు ఆ ఖర్చు కూడా దండగ అనిపించింది. వెనక పొద్దు గుంకుతుంటే హీరో ముఖం మీద మిట్టమధ్యాహ్నం వెలుతురు.

తుంగభద్ర పంతులు (కర్నూలు):
దోషం కనబడలేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పద్యంలో దోషం కనబడకపోవడం అరుదు కాబట్టి చెబుతున్నాను.

పెన్నాతీరం:
రాజశేఖర శతావధాని తిరిగిన ఊరు మాది, పంతులుగారూ. మీ మెప్పు వడ్డీతో సహా లెక్కలో రాసుకున్నా.

కేసీ కాలువ:
నాదీ ఒకటి. ఇది హీరో కోసం.

కథకు చక్రమొకటి కనబడ దెచ్చట
పంచులకును టైరు పగిలిపోయె
నాయకుండు భుజము నానించి నెట్టగా
కారు కదలకున్న కడప జేరె

బురుజు నీడ:
‘పంచులకును టైరు పగిలిపోయె’ ఈ వారానికి నా స్టేటస్.

ఉగ్గాని బజ్జి:
భుజం ఆనించి నెడితే కారు కదిలినట్టే కదా సామీ! కదలకుండా కడప ఎట్లా చేరింది? సమస్య చేతికి రాకముందే విప్పేసినావు.

తుంగభద్ర పంతులు:
అది తర్వాతి మాట. మూడో పాదం యతి చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు. ‘నాయకుండు’లో నా, ‘నానించి’లో నా. కంటికి కలిసినట్టే ఉంటుంది. కానీ అది ‘భుజమును ఆనించి’. పదం మొదలయ్యేది ఆ తో. యతి అచ్చుకు చెల్లాలి, సంధిలో అతుక్కున్న నకారానికి కాదు. ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అని తప్పించుకోవడానికీ లేదు, య కి ని కి పొత్తు లేదు. ఆటవెలదిలో ఇట్లాంటి పని చేస్తే కటారుపల్లెలో పడుకున్నాయన లేచి వస్తాడు.

కేసీ కాలువ:
చెవికి ఇంపుగా ఉంటే వేమన్న ఏమీ అనడు. పద్యం విన్నవాళ్ళు నవ్వినారా లేదా అన్నదే నాకు లెక్క.

పెన్నాతీరం:
పంతులుగారు చెప్పింది నిజమే, కానీ చెప్పిన తీరు చూడండి. పోయిన ఉగాదికి మామిడిచెట్టు సమస్యలో ‘దిగొచ్చె’ అని రాసినాయన ఈయనే. దిగి, వచ్చె. ‘దిగి, చేసి’ లాంటి క్త్వార్థంలో చివరి ఇకారానికి సంధి లేదని బడిలో చెప్పిన చోట పంతులుగారు ఆ రోజు సెలవులో ఉన్నట్టున్నారు.

తుంగభద్ర పంతులు:
అది వ్యావహారిక ప్రయోగం. చెట్టు దిగేవాడు పల్లెటూరి కుర్రవాడు. వాని నోట ‘దిగి వచ్చె’ అంటే నాటకంలా ఉంటుంది.

పెన్నాతీరం:
అయితే కేసీ కాలువ హీరో కూడా పల్లెటూరివాడే. వాని నోట యతి తప్పకూడదా?

బురుజు నీడ:
మామిడిచెట్టు మళ్ళీ ఎక్కొద్దు. సవరణ ఉంటే రాయండి.

పెన్నాతీరం:
‘అతడె వచ్చి భుజము నానించి నెట్టగా’ అంటే అ కి ఆ కి సరిపోతుంది. కానీ ఉగ్గాని చెప్పిన తిరకాసు తీరదు. ‘నాయకుండు దాని నవ్వుతో మోయగా’ అంటే రెండూ తీరతాయి. మోస్తే చక్రం తిరగదు, మనిషి నడుస్తాడు. సినిమాలో జరిగింది కూడా అదే.

కేసీ కాలువ:
నవ్వుతో మోయగా... ఒప్పుకోక తప్పదు, నా దానికంటే బరువుగా ఉంది. మార్చుకుంటున్నా.

ఉగ్గాని బజ్జి:
ఇప్పుడు అనంతపురం వంతు.

బొమ్మ వచ్చెనంచు బోర్డు కట్టిన నాడె
పరుగు పెట్టినాము పనులు మాని
చూడ చూడ తేలె చోద్యంబు! వారి షి
కారు కదలకున్న కడప జేరె

బురుజు నీడ:
షికారు! నేను ఈ పాదం ఇచ్చేటప్పుడు ఈ సందు ఉందని నాకే తట్టలేదు.

తుంగభద్ర పంతులు:
పాదం చివర మాట విరవడం ఆటవెలది లాంటి ఉపజాతుల్లో తప్పు కాదు. ‘షి’ దగ్గర ఊపిరి తీసుకోవాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది. అయినా చమత్కారం చమత్కారమే.

కేసీ కాలువ:
షికారు అన్నావు కాబట్టి అడుగుతున్నా. హైదరాబాదు నుంచి తిరుపతికి పోయేవాళ్ళు లేపాక్షి బసవన్న ముందర పాట ఎందుకు పాడినారప్పా? కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబరు రహదారి పట్టుకుంటే పోతుంది కదా. లేపాక్షికి పోవాలంటే బెంగళూరు దారిలో పోయి హిందూపురం వైపు తిరగాల.

ఉగ్గాని బజ్జి:
27 అడుగుల బసవన్నను చూపిస్తే జనం మ్యాప్ అడగరని వాళ్ళ ధైర్యం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు లేపాక్షి సత్యసాయి జిల్లాలోకి పోయింది, అయినా బసవన్న మావాడే. ఆ పాటలో గ్రూపు డ్యాన్సర్లు అలసిపోయి కనబడతారు, హీరో ఒక్కడే బసవన్న మెడలో గంటలను నిజంగా చూస్తాడు. తల ఎత్తి, నోరు తెరుచుకుని. ఆ ఒక్క షాటుకు నేను విజిల్ వేసినా.

పెన్నాతీరం:
గండికోట ఇంకా ఘోరం. కర్నూలు దాటిన రెండు డైలాగులకే పెన్నా లోయ అంచున నిలబడతారు. జమ్మలమడుగు ఎక్కడ, కర్నూలు ఎక్కడ! ఆ అంచున కూర్చుని ఇరవై నిమిషాలు స్నేహం మీద ఉపన్యాసం. లోయ అంత అందంగా ఉంటే ఉపన్యాసం ఎవరికి కావాల?

తుంగభద్ర పంతులు:
అదే పట్టుకున్నాను.

కొండరెడ్డి బురుజు గుమ్మమ్ము చెంతనే
బండి చెడగ దిగిరి పడుచువారు
కూర్పు చేయువాడు గుట్టుగ కోయగా
కారు కదలకున్న కడప జేరె

బండి బురుజు దగ్గర చెడిపోతుంది. మెకానిక్ రాడు. తర్వాతి షాటులో కడప ఏడురోడ్ల దగ్గర టీ తాగుతుంటారు. నడుమ సుమారు 200 కిలోమీటర్లు కత్తెర పాలు.

బురుజు నీడ:
మా బురుజు గుమ్మం ఎక్కింది కాబట్టి నాకు పక్షపాతం ఉంది. బాగుంది సార్.

పెన్నాతీరం:
బాగుంది. నేను వెతికినా, దోషం దొరకలేదు. కానీ హీరో ఏడీ? సినిమాను నిలబెట్టినవాడిని వదిలేసి ఎడిటర్‌కు పద్యం రాసినారు. నేను ఇంకోటి రాస్తున్నా.

ఒకడె నవ్వ జేసె నొంటరిగా నిల్చి
పక్క నున్న వారు బరువె గాని
ఇంతమందిలోన నెవ్వరున్ నటులైన
కారు, కదలకున్న కడప జేరె

ఉగ్గాని బజ్జి:
నటులైన కారు! విరుపు మీద విరుపు. ఇక కారే లేకుండా చేసినారు.

తుంగభద్ర పంతులు:
కర్త ఎవరు? కడప చేరింది ఎవరు?

పెన్నాతీరం:
మొదటి మాటలోనే ఉన్నాడు, ‘ఒకడె’. మిగతావాళ్ళు కదలకున్నా వాడు చేరినాడు.

తుంగభద్ర పంతులు:
మొదటి పాదంలో ఎక్కినవాడు నాలుగో పాదం దాకా దిగకుండా కూర్చున్నాడన్నమాట. అన్వయం దూరమైంది.

పెన్నాతీరం:
ఇక్కడ దిగితే వాణ్ణి మళ్ళీ ‘దిగొచ్చె’ అంటారని భయపడి దిగలేదు.

కేసీ కాలువ:
అన్యాయంగా రాసినారన్నా. ఎవ్వరూ నటులు కారా? దాబా ఓనరు వేషం వేసిన ముసలాయన సంగటి ముద్ద తుంచి పప్పులో ముంచే తీరు చూసినారా? హీరో కూడా ఆయన ముందర కాస్త తగ్గినాడు.

పెన్నాతీరం:
ఆ ముసలాయన వచ్చేది మూడు నిమిషాలు. మిగతా ఇద్దరు స్నేహితులు రెండు గంటలు అరుస్తూనే ఉంటారు. ఒకడు వాంతి చేసుకోవడం జోకు, రెండోవాడు దాన్ని చూసి వాంతి చేసుకోవడం రెండో జోకు. హీరో ఆ జోకు పక్కన నిలబడి చేతిరుమాలు అందిస్తాడు చూడండి, అదీ కామెడీ.

ఉగ్గాని బజ్జి:
ఇంకో మాట. సీమ సినిమా అనగానే తొడ కొడతారు, సుమో లేపుతారు. వీడు మాత్రం ‘యాడికి పోతాండావు’ అని మామూలుగా అడిగినాడు. మా మేనమామ అడిగినట్టే ఉంది.

గండికోట గాలి (కడప, కొత్త సభ్యురాలు):
నమస్కారం. అందరివీ చదివిన తర్వాత రాస్తున్నాను. ఆ ఫోను సీను ఎవరూ ఎత్తలేదు.

తండ్రి ఫోను జేసె దారి యెందాకంచు
కొడుకు బొంకె కంటి కొలుకులొత్తి
మాటలోనె దాటె మైదుకూరును వాడు
కారు కదలకున్న కడప జేరె

బురుజు నీడ:
అమ్మా, ఇది ఇన్ని రోజులు ఎక్కడ దాచినారు?

కేసీ కాలువ:
ఆ సీనులో హీరో చెడిపోయిన కారు బానెట్ మీద కూర్చుని ‘కడప వచ్చినాం నాయనా, ఇంక రెండు గంటలు’ అంటాడు. వెనక రోడ్డు ఖాళీ. మ్యూజిక్ కూడా లేదు. డైరెక్టరు మరిచిపోయినాడో, కావాలనే తీసేసినాడో గానీ సినిమా మొత్తానికి అదొక్కటే నిజమైన దారి అనిపించింది.

తుంగభద్ర పంతులు:
‘మాటలోనె దాటె మైదుకూరును’ యతిమైత్రి చూడండి, మా కి మై. వెతికి పెట్టినట్టు లేదు, దారిలో దొరికినట్టుంది. సమస్యలోని అసంభవాన్ని అబద్ధంగా మార్చడం ఇంతమందిలో ఒక్కరికే తట్టింది. నాకు తట్టలేదు కాబట్టి కొంచెం కోపంగా కూడా ఉంది.

పెన్నాతీరం:
పంతులుగారి నోట ఇంత పొడుగు మెప్పు నేను ఈ ఐదేళ్ళలో చూడలేదు. నాకైతే ‘దోషం కనబడలేదు’ దగ్గరే ఆగిపోతారు.

తుంగభద్ర పంతులు:
మీకు అంతకంటే ఎక్కువ ఇస్తే ప్రొద్దుటూరంతా పంచుతారని.

గండికోట గాలి:
‘దాకంచు’ సంధి సరిపోయిందా అని అనుమానం ఉంది సార్.

తుంగభద్ర పంతులు:
దాక అంచు, దాకంచు. సరిపోయింది. కంగారు పడకండి. ‘ఫోను జేసె’ని కూడా ఒప్పుకుంటున్నాను, పెన్నాతీరం ఏమంటారో గానీ.

పెన్నాతీరం:
నేను ఏమీ అనను. మా జిల్లా అమ్మాయి.

ఉగ్గాని బజ్జి:
ఆ సీను ఇంటర్వెల్‌కు ముందా, తర్వాతా? నేను మిర్చిబజ్జీకి బయటికి పోయినప్పుడు వచ్చినట్టుంది.

బురుజు నీడ:
ముందే. నువ్వు మళ్ళీ టికెట్ కొనాల్సిందే.