పాత చందమామ ముఖచిత్రాలు: ఫ్రేం కట్టాలంటే అట్ట విప్పాలా?

అట్టబొమ్మ: వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలున్న చందమామలు ఆరున్నాయి. పిన్నుల తుప్పు అట్టకు పాకుతోంది. అట్టలు ఊడదీసి ఫ్రేం కట్టించవచ్చా?

పాతకాగితం: అట్ట ఊడదీయకండి, పిన్నులు మాత్రం తీసేయండి. సంచికను నడిమి పేజీ దగ్గర తెరిస్తే పిన్ను కాళ్లు కనిపిస్తాయి. వాటి కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్లను నిటారుగా లేపాకే వెన్ను వైపు నుంచి లాగాలి. వంకర కాళ్లతో లాగితే కన్నం చిరుగుతుంది, అక్కణ్ణుంచి అట్ట రెండుగా చీలుతుంది. తుప్పు కరుచుకుని ఉంటే కాలు తుంచి ముక్కలుగా తీయండి. పాత కన్నాల్లోంచే నూలుదారంతో కుట్టండి.

నల్లసిరా: మరక పోవాలని నిమ్మరసం రాస్తారు కొందరు, దయచేసి వద్దు. ఆ పులుపు కాగితంలోనే ఉండిపోయి దాన్ని పెళుసు చేస్తుంది. మరక ఉంటే ఉండనివ్వండి.

గోడమేకు: గోడకు స్కాన్ ప్రింటే పెట్టండి. 600 డీపీఐలో, స్కానర్‌లో డీస్క్రీన్ అనే సెట్టింగు ఆన్ చేసి స్కాన్ చేయాలి, లేకపోతే అచ్చు చుక్కలు గళ్లుగళ్లుగా తేలతాయి. అసలు అట్ట వెలుగులో ఉంటే ముందు ఎరుపు, పసుపు పోతాయి. బుగ్గల ఎరుపు, పట్టుచీర అంచు పసుపు వెలిసిపోయి బొమ్మంతా నీలంగా మిగులుతుంది. అద్దం దాన్ని ఆపలేదు.

అట్టబొమ్మ: అట్ట ముందే ఊడిపోయిన సంచిక ఒకటుంది. దాన్నైనా పెట్టవచ్చా?

గోడమేకు: ఎండ తగలని లోపలి గోడకైతే, కొన్ని నెలలపాటు పెట్టవచ్చు. అద్దం బొమ్మకు ఆనకూడదు. వానాకాలం చెమ్మకు నున్నటి అట్ట అద్దానికి అతుక్కుంటే ఇక ఊడదు. మధ్యలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం, పెట్టించండి. వెనక ఫ్రేం షాపువాళ్లు వేసే గోధుమరంగు అట్ట వద్దు, యాసిడ్ లేని బోర్డు అడగండి. జిగురు, సెల్లోటేపు అసలే వద్దు. నాలుగు మూలలా ఫోటో కార్నర్లు చాలు.

పాతకాగితం: మిగతా అయిదింటికీ పాలిస్టర్ కవర్లు వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు సిరాను పట్టి లాగేస్తాయి. పురుగు కనిపిస్తే కలరా ఉండలు వేయకండి. సంచికను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు, విప్పితే అట్ట మీద నీరు పడుతుంది.

నల్లసిరా: విడి అట్టలు కొనేటప్పుడు 10 రెట్ల భూతద్దం దగ్గరుంచుకోండి. అసలు అచ్చులో రంగు చుక్కలు వరుసల్లో ఉంటాయి, ఇంక్‌జెట్ నకలులో చిందరవందరగా చిలికినట్టుంటాయి.