జనరల్ మాచెక్ గురించి పోలిష్ వచ్చినవాళ్లు కాస్త సాయం చేస్తారా?

నమస్కారమండీ. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో సిటీ ఛాంబర్స్ (నగర పాలక భవనం) ముంగిట్లో బెంచీ మీద కూర్చున్న కంచు విగ్రహం చూశాను. పక్కన చోటుంటే కాసేపు కూర్చున్నాను. ఆయన జనరల్ స్తనిస్వాఫ్ మాచెక్. 1944 అక్టోబరులో ఆయన నడిపిన పోలండ్ 1వ ఆర్మర్డ్ డివిజన్ (ట్యాంకుల దళం) నెదర్లాండ్స్‌లోని బ్రెడా పట్టణాన్ని జర్మన్ల నుంచి విడిపించింది. ఊళ్లో జనం నష్టపోకూడదని చుట్టూ తిరిగి వచ్చి మరీ కొట్టారు!

అంతటి మనిషికి 1946లో సొంత దేశపు కమ్యూనిస్టు ప్రభుత్వం పౌరసత్వం తీసేసింది. బ్రిటన్ ఆయనకు జనరల్ హోదాకు తగ్గ పెన్షన్ ఇవ్వలేదు. ఇదే ఎడిన్‌బరోలో ఒక హోటల్ బార్‌లో గ్లాసులు అందిస్తూ ఇల్లు గడిపారు. 102 ఏళ్లు బతికి 1994లో పోయారు. సమాధి బ్రెడాలో, తన సైనికుల మధ్యే.

మా నాన్న మిలిటరీలో చేసి రిటైరయ్యారు. ఫోన్‌లో ఇదంతా చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ బార్ రోజుల గురించి ఆయనేమన్నారో కనుక్కోరా" అన్నారు.

ఆ కాలం గురించి ఆయన గానీ, ఆయన సైనికులు గానీ చెప్పిన మాటలు ఎక్కడ దొరుకుతాయి? పోలిష్‌లోనే ఉంటే, రెండు మూడు పేజీలు తెలుగులో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా?