నాయన చనిపోయి హాజరు తగ్గింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగింది: అప్పీల్లో కష్టం రాయాలా, లెక్క రాయాలా?

చంద్రగిరి వాసు:
మా వీధిలో అమ్మాయి, బీటెక్ రెండో సంవత్సరం, కన్వీనర్ కోటా, బీసీ. తిరుపతి దగ్గర ప్రైవేటు కాలేజీ, జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధం. సెమిస్టర్ మధ్యలో వాళ్ల నాయన తిరుపతి రుయా ఆసుపత్రిలో చనిపోయినాడు. ఆసుపత్రిలో తోడుండి, కర్మలు ముగించుకొని వచ్చేసరికి హాజరు 68 శాతానికి దిగింది. కండొనేషన్ (హాజరు తగ్గితే మన్నించడానికి కట్టే రుసుం) కట్టి పరీక్షలు రాసింది, అన్నీ పాసయింది. ఇప్పుడు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఫీజంతా మీరే కట్టుకోండి అంటోంది కాలేజీ. అప్పీలు ఎవరికి పెట్టాల? ఏమని రాయాల?

హాజరుపట్టిక:
ఆగింది హాజరు వల్లేనా? ముందు అది తేల్చండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమిలో దరఖాస్తు స్థితి చూస్తే తెలుస్తుంది. ఇంట్లో మరణం జరిగాక వేరే చోట్ల కూడా డబ్బు ఆగుతుంది: వేలిముద్ర వేయడం మిగిలిపోవడం, సచివాలయం రికార్డులో చనిపోయిన మనిషి పేరే ఇంకా ఇంటిపెద్దగా ఉండటం. ఇలాంటివైతే అప్పీలు అక్కర్లేదు, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును కలిస్తే చాలు.

హాజరే కారణమైతే లెక్క తీయండి, రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం ఉండాలి. 16 వారాలు, వారానికి 6 రోజులు, రోజుకు 6 పీరియడ్లు అనుకుంటే 576. అందులో 75 శాతం 432. 68 శాతం అంటే దాదాపు 392. తగ్గింది 40 పీరియడ్లు, ఏడు రోజులు కూడా కాదు. ఆ 40 ఎక్కడ పోయాయో వెతకాలి. ఎన్‌ఎస్‌ఎస్‌కో ఆటల పోటీకో వెళ్లిన రోజులు గైర్హాజరుగా పడ్డాయా? మూడు పీరియడ్ల ల్యాబును ఒక్కటిగా ఎక్కించారా? వేలిముద్ర యంత్రం పనిచేయని రోజున చేతిరాత రిజిస్టరులో ఉన్నది పోర్టల్లోకి వచ్చిందా? సబ్జెక్టువారీగా, తేదీలతో సహా ప్రింటు అడగండి. అప్పీలు అంటే ఆ ప్రింటు మీద నిలబడేదే.

మంగాపురం అక్క:
పై సలహాలో సగం సరే. కానీ నాయన చనిపోయిన సంగతి ఒక్క ముక్కైనా లేకుండా అప్పీలు ఎలా అవుతుంది? ప్రిన్సిపాల్ ద్వారా జిల్లా బీసీ సంక్షేమ అధికారికి రాయించండి. జతచేయాల్సినవి: మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి కేసు షీటు నకలు, సెమిస్టర్ మార్కుల జాబితా, కండొనేషన్ రసీదు. మరణం 21 రోజుల్లో నమోదైతే రుసుం లేదు. 30 రోజులు దాటితే రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అప్పీళ్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఈ ఒక్క కాగితం కోసమే. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాలేదు, ఎందుకు, తిరిగి వచ్చాక హాజరు ఎంత. చివరి మాట చాలా ముఖ్యం. మళ్లీ వచ్చిన నెలల్లో 90 శాతం ఉంటే చదువు వదిలేసిన పిల్ల కాదని అదే చెబుతుంది.

హాజరుపట్టిక:
కండొనేషన్ రసీదు పెట్టొద్దు. దాన్ని పెట్టడమంటే హాజరు తగ్గిందని మీ చేత్తో మీరే సంతకం చేసి ఇచ్చినట్టు.

మంగాపురం అక్క:
పెట్టాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కారణం చూసి మన్నిస్తుంది. ఆ కారణం నిజమని ఒప్పుకున్న అధికారిక కాగితం ఈ అమ్మాయి దగ్గర అదొక్కటే.

హాజరుపట్టిక:
కమిటీ మన్నించింది పరీక్షకు. రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం షరతు ప్రభుత్వానిది, విశ్వవిద్యాలయం మన్నింపు దాన్ని తగ్గించదు. చాలామంది పిల్లలు ఇక్కడే పొరబడుతున్నారు. హాల్‌టికెట్ వచ్చింది కాబట్టి డబ్బూ వస్తుందనుకొని ఏడాది చివరిదాకా ఊరుకుంటారు.

పుత్తూరు:
సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ నమోదు సంఖ్య తీసుకోకుండా రావద్దు.

మంగాపురం అక్క:
రెండు నిబంధనలు వేరని నాకూ తెలుసు. రసీదుతో డబ్బు వచ్చేస్తుందని నేననలేదు. కారణం ఫైల్లో ఉండాలంటున్నా. ఫైల్లో లేనిదాన్ని ఏ అధికారీ పైకి సిఫారసు చేయలేడు.

హాజరుపట్టిక:
ఫైల్లో కన్నీళ్లుంటే పోర్టల్లో శాతం మారదు. పిల్లల చేత ఇలాంటి ఉత్తరాలు రాయించి ఆఫీసుల చుట్టూ తిప్పించేది మీలాంటి సలహాలే.

మంగాపురం అక్క:
రుయా వార్డులో తండ్రి పక్కన కూర్చున్న పిల్లను పట్టుకొని ల్యాబ్ పీరియడ్లు లెక్కపెట్టుకోమంటున్నారు మీరు. ఆ 40లో ఒక్కటి కూడా తప్పుగా పడలేదనుకోండి. ఆమె నిజంగానే రాలేదు. అప్పుడు మీ దారిలో ఆ పిల్లకు ఏముంది? చెప్పండి.

పీలేరు రోడ్డు:
ఇంత చర్చ ఎందుకన్నా, ఎమ్మెల్యే లెటరు పెడితే అయిపోతాది.

హాజరుపట్టిక:
నా భయమంతా ఇదే, పైన ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఎవరి దుఃఖం ఎంతో తూచే అధికారం ఆఫీసులో మనిషికి ఇస్తే, లెటరు తెచ్చుకోగలిగిన వాళ్ల దుఃఖమే బరువు తూగుతుంది. పలమనేరు పల్లెలో ఇంట్లోనే చనిపోయిన కూలీకి కేసు షీటు ఎక్కడిది? వాళ్ల పిల్లకు మీ దారి మూసుకుపోయినట్టే. లెక్క అలా కాదు, తప్పు ఉంటే ఎవరి విషయంలోనైనా తప్పే. అందుకే లెక్కనే పట్టుకోమంటున్నా.

మంగాపురం అక్క:
మన తగవు రసీదు మీద కాదని ఇప్పటికి తేలింది. మీకు అధికారి మీద నమ్మకం లేదు. నాకు మరణాన్ని లెక్కలోకి తీసుకోని నిబంధన మీద నమ్మకం లేదు. కేసు షీటు లేని కూలీ ఇంటికైతే వీఆర్వో విచారణ, పంచాయతీ మరణ నమోదు ఉంటాయి, వాటితో రాయొచ్చు. ఎవరో లెటరు తెస్తారని చెప్పి, నిజంగా కష్టపడ్డ పిల్లను నోరు మూసుకోమనడం న్యాయం కాదు. ఇలాంటి అర్జీలు వందలు చేరితేనే నిబంధనలో తల్లిదండ్రుల మరణానికి మినహాయింపు రాయాలని పైవాళ్లకు తడుతుంది. అందరం లెక్కలే సరిచేసుకుంటూ పోతే, నిజంగా తగ్గినవాళ్లు ఎందరున్నారో ఎక్కడా నమోదే కాదు.

హాజరుపట్టిక:
నిబంధన మారాలనడంలో నాకు అభ్యంతరం లేదు, రాతపూర్వకంగా మారాలి. తల్లో తండ్రో పోతే ఇన్ని రోజులు హాజరుగా లెక్కించాలని స్పష్టంగా ఉండాలి, ఎవరి దయకూ వదలకూడదు. అది వచ్చేదాకా ఈ అమ్మాయి ఫీజు ఆగదు కదా.

చంద్రగిరి వాసు:
ఫీజు కట్టేదాకా ఇంటర్ సర్టిఫికెట్లు ఇవ్వమంటా ఉండారు. ప్రింటు అడిగితే సంతకం, ముద్ర లేని కాగితం ఇచ్చినారు. పనికొస్తుందా?

హాజరుపట్టిక:
సంతకం లేనిది చెల్లదు. ప్రిన్సిపాల్ పేరిట రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జిమెంట్‌తో అడగండి. ఇవ్వకపోతే కాలేజీని సమాచార హక్కు కింద అడగొద్దు, ప్రైవేటు కాలేజీ ఆ చట్టం కిందికి రాదని వాదిస్తూ కాలం గడిపేస్తుంది. కాలేజీ పంపిన హాజరు వివరాలు సంక్షేమ శాఖ దగ్గర ఉంటాయి. జిల్లా బీసీ సంక్షేమ కార్యాలయంలో పౌర సమాచార అధికారికి సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టండి. రుసుం 10 రూపాయలు, దారిద్ర్యరేఖ కింద ఉన్నట్టు ఆధారం జతచేస్తే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే 19(1) కింద మొదటి అప్పీలు.

మంగాపురం అక్క:
ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది, దాన్ని చూపి రాతపూర్వకంగా అడగండి. మాట వినకపోతే చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ప్రింటు కోసం ఎదురుచూస్తూ అర్జీ ఆపొద్దు. మరణ ధ్రువపత్రం, రసీదు పెట్టి ఈ సోమవారమే ఇవ్వండి.

హాజరుపట్టిక:
రసీదు లేకుండా ఇవ్వండి.