చెల్లి పెళ్ళి కుదిరింది, పనులు ఎక్కడ మొదలుపెట్టాలి?

తణుకు అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా చెల్లికి సంబంధం కుదిరింది. మాది తణుకు, అబ్బాయి వాళ్ళది ఖమ్మం. మాఘమాసంలో చేద్దామని రెండు వైపులా అనుకున్నాం, అంటే చేతిలో ఆరు నెలలుంది. నాన్న మూడేళ్ళ కిందట పోయారు. నాకింకా పెళ్ళి కాలేదు. అమ్మకి తలుచుకుంటేనే కంగారుగా ఉంది. నేను బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలే ఊరికి రాగలను. ముందు ముహూర్తమా, ముందు హాలా? ఖర్చు లెక్క ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి? పెళ్ళి చేసినవాళ్ళు చెప్పండి.

భీమవరం అన్నయ్య:
తమ్ముడూ, ముందు ముహూర్తం, ఆ వెంటనే హాలు. మధ్యలో వారం కూడా ఆగొద్దు. మూఢం పోయి మంచిరోజులు రాగానే ఒకే తేదీకి ఊళ్ళో పదేసి పెళ్ళిళ్ళు పడతాయి. సిద్ధాంతిగారిని ఒక్కటి కాదు, మూడు ముహూర్తాలు పెట్టివ్వమని అడుగు. మేము ఒక్కటే పెట్టించుకుని, ఊళ్ళో హాలు దొరక్క పక్క ఊరికి బస్సులు కట్టించాం.

హాలు అద్దె రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తప్పకుండా అడుగు. మాది తెల్లవారుజామున 4:12 ముహూర్తం. హాలువాళ్ళ లెక్కేమో ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6. ఇంకా తలంబ్రాలు పోసుకుంటుండగానే మేనేజర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండో రోజు అద్దె సగం కట్టాల్సి వచ్చింది. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ అద్దెలో కలిసి ఉన్నాయో విడిగానో కాగితం మీద రాయించుకో. తాళాలు తీసుకున్న రోజే కరెంటు మీటరు ఫోటో తీసి పెట్టుకో.

కాకినాడ వంటలు:
నేను ఇరవై ఏళ్ళుగా పెళ్ళి వంటలు చేయిస్తున్నాను. ముహూర్తం టైం తెలియకుండా రేటు అడిగేవాళ్ళకి నేను రేటు చెప్పను. ఎందుకో చెప్తాను.

రాత్రి ముహూర్తమైతే జనమంతా 8 నుంచి 10 మధ్య భోజనానికి వచ్చి, చదివింపులు చదివించి వెళ్ళిపోతారు. జీలకర్ర బెల్లం వేళకి మిగిలేది దగ్గరి బంధువులే. పొద్దున టిఫిన్ వాళ్ళ వరకు చూసుకుంటే చాలు. అదే పగలు పది, పదకొండు గంటల ముహూర్తమైతే టిఫినూ భారీగానే ఉంటుంది, మధ్యాహ్నం భోజనమూ భారీగానే ఉంటుంది. పిలిచినవాళ్ళు అంతేమంది అయినా రెండు పెళ్ళిళ్ళ వంట ఖర్చూ ఒకటి కాదు.

తర్వాత మనుషుల లెక్క. మీరు 600 అని ఒప్పుకుంటే 500 మందే తిన్నా 600 ప్లేట్ల డబ్బు ఇవ్వాలి, మేము సరుకు దానికే తెస్తాం కాబట్టి. అందుకని మీ అంచనాలో పదో వంతు తగ్గించి చెప్పండి. పైన వచ్చేవాళ్ళకి ప్లేటు రేటెంతో ముందే మాట్లాడుకోండి. భోజనాలు మొదలయ్యే ముందు ఆకుల కట్టలు, అయ్యాక మిగిలిన కట్టలు లెక్కపెట్టడానికి మీ వైపు నుంచి నెమ్మదస్తుడైన మనిషి ఒకరు వంటశాల దగ్గరే ఉండాలి. పెళ్ళికొడుకు విడిదికి పొద్దున్నే కాఫీ, టిఫిన్ ఎవరు పంపాలో కూడా అప్పుడే తేల్చుకోండి. విడిదికి కాఫీ ఆలస్యమైతే ఆ మాట పదేళ్ళు గుర్తుంటుంది.

ముప్పై రకాలు వద్దు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, వేడి బొబ్బట్టు మీద నెయ్యి. పదిహేను రకాలు వేడిగా వడ్డిస్తే జనం తృప్తిగా లేస్తారు, ఇది కళ్ళారా చూసి చెప్తున్నాను.

ఖమ్మం కోడలు:
మా పుట్టిల్లు ఏలూరు, అత్తగారిల్లు ఖమ్మం. మీ చెల్లిలాగే నేనూ అటు నుంచి ఇటు వచ్చాను కాబట్టి రాస్తున్నాను. పద్ధతులు రెండు వైపులా ఒకటే అనుకోకండి. మా వాళ్ళకి స్నాతకం, పానకం బిందెలు ముఖ్యం. మా అత్తగారి వాళ్ళకి ఎదుర్కోళ్ళు, వరపూజ, ఒడిబియ్యం ముఖ్యం. ఎవరిదీ తప్పు కాదు, ముందే అడిగితే చాలు.

మా పెళ్ళికి మట్టెలు వాళ్ళు తెస్తారని మేము, మేము తెస్తామని వాళ్ళు అనుకున్నాం. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనమామ తెలిసిన షాపాయనని ఇంటికెళ్ళి లేపి షట్టర్ తీయించాడు. మట్టెలు దొరికాయి గానీ సైజు సరిపోక మధ్యలో దారం చుట్టి పెట్టారు. ఆ దారం పీటల మీద కూర్చున్నంతసేపూ నాకు గుచ్చుకుంటూనే ఉంది. మంగళసూత్రాలు, మట్టెలు, మధుపర్కాలు, తలంబ్రాల బియ్యం, మేళం, రిసెప్షన్... ఏది ఎవరిదో రెండు కుటుంబాలూ ఒక పూట కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకోండి. లగ్నపత్రిక రాసుకునే రోజే అయితే మరీ మంచిది, పెద్దవాళ్ళంతా అక్కడే ఉంటారు.

డల్లాస్ నుంచి:
అబ్బాయిగానీ అమ్మాయిగానీ విదేశం వెళ్ళే ఆలోచన ఉంటే శుభలేఖలో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించండి. పెళ్ళయిన వారంలోపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించండి. శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, వయసు రుజువులు, సాక్షులు కావాలి. మా ఆవిడ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వచ్చి, సరిచేయించేదాకా మేమిద్దరం వేరువేరు దేశాల్లో ఉన్నాం.

బంగారం లెక్క:
బంగారం ఒకేసారి కొనొద్దు, నెలనెలా కొంచెం కొనండి. గ్రాము రేటు అన్ని షాపుల్లో దాదాపు ఒకటే, తేడా అంతా తరుగు, మజూరీలోనే. బేరం అక్కడే ఆడాలి. మొత్తం మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. నగ మీద బీఐఎస్ హాల్‌మార్క్, 22 క్యారెట్లని చెప్పే 916, ఆ నగకే ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు నంబర్ హెచ్‌యూఐడీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరం వస్తుంది.

చిత్తూరు వాసి:
ఖర్చు భారం అనిపిస్తే ఇదీ ఆలోచించండి. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలో 2016 నుంచి టీటీడీ ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తోంది. పురోహితుడు, మేళం, పసుపు, కుంకుమ, కంకణాలు వాళ్ళవే. మా అక్క కూతురి పెళ్ళి అక్కడే చేశాం. తర్వాత ఊళ్ళో భోజనాలు పెట్టుకున్నాం, ఎవరూ తక్కువ అనుకోలేదు.

గోదావరి పెద్దమ్మ:
బాబూ, అందరూ మంచి మాటలే చెప్పారు. నేను రెండు చెప్తాను. కన్యాదానం ఎవరు చేస్తారన్నది నువ్వు రాయలేదు. మీ నాన్న తోడబుట్టినవాళ్ళు ఉంటే అమ్మని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి, తాంబూలం చేతిలో పెట్టి అడుగు. ఫోన్లో అడిగే మాట కాదు. హాలు కన్నా, ముహూర్తం కన్నా ముందు ఈ పని చెయ్యి. పీటల మీద ఎవరు కూర్చున్నా మీ అమ్మకి మండపం ఎదురుగా మొదటి కుర్చీ వేయించు, మూలన కూర్చోనివ్వకు. ఆ బిడ్డని కన్నది ఆవిడ.

రెండోది, ఎంతమందిని పిలవాలో తెలియట్లేదంటే మీ ఇంట్లో పాత చదివింపుల పుస్తకం వెతుకు. మీకు చదివించినవాళ్ళందరినీ పిలవాలి. నీ లెక్క అక్కడ మొదలవుతుంది.

తణుకు అబ్బాయి:
పెద్దమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. శనివారం అమ్మా నేనూ బాబాయి వాళ్ళింటికి వెళ్ళాం. తాంబూలం అందుకుని బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. పిన్నే "మేం కాక ఇంకెవరు చేస్తార్రా" అంది.

చదివింపుల పుస్తకం బీరువా అడుగున దొరికింది, 2004లో మా గృహప్రవేశం నాటిది. మూలలకి పసుపు అలాగే ఉంది. లోపలంతా నాన్న చేతిరాత. పేరు, ఊరు, పక్కన 51, 101, 116. అమ్మ ఒక్కో పేరూ చదివి వాళ్ళెవరో చెప్తుంటే నేను ఫోన్లో ఎక్కించాను. రాత్రి పన్నెండు దాటింది. 214 కుటుంబాలు తేలాయి, మనుషుల లెక్కలో 540 దాకా వచ్చింది. కాకినాడ అన్నగారూ, మీకు 490 అని చెప్తాను.

సిద్ధాంతిగారు మూడు ముహూర్తాలు ఇచ్చారు. రెండు రాత్రివి, ఒకటి పగలు 10:40. పెద్దవాళ్ళకి నిద్ర చెడదని అమ్మ పగటిదే అంటోంది. ఖమ్మం వాళ్ళకి ఫోన్ చేసి మట్టెల సంగతి అడిగాను, తామే తెస్తామన్నారు, చెల్లి కాలివేలి కొలత పంపమన్నారు. రేపు పొద్దున బాబాయీ నేనూ హాలు చూడటానికి వెళ్తున్నాం.