చిన్న కళాశాలలో డిగ్రీ: డిసెంబరు సెలవుల్లో పిల్లలు ఎక్కడ ఉండాలి?

కృష్ణాతీరం:
మా అన్నయ్యగారి అమ్మాయికి అమెరికాలోని ఒహాయోలో పదిహేను వందల మంది చదివే ఒక చిన్న కళాశాలలో సీటు వచ్చింది. ఫీజులో సగం ఉపకారవేతనంగా ఇస్తామన్నారు. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే నేనొక్కడినే పంపవద్దన్నాను. 2016లో మా అబ్బాయిని అటువంటి కళాశాలకే పంపాను. డిసెంబరు రాగానే హాస్టలుకు తాళం వేసి, బయట మంచు కురుస్తుండగా పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి మూడు వారాల పాటు ఎక్కడికైనా పొమ్మన్నారు. అటువంటి చోటికి ఆడపిల్లను ఎలా పంపుతాం?

మొక్కజొన్నచేలు:
అయోవాలో అటువంటి కళాశాలలోనే నాలుగేళ్లు చదివాను కనుక చెబుతున్నాను. అక్కడ పీజీ విద్యార్థులు లేరు కాబట్టి పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ ఆచార్యులే. మొదటి నెలలో చరిత్ర తరగతిలో పన్నెండు మందిమి ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాం. నా వంతు రాగానే, ఇంటర్లో అలవాటైన పద్ధతిలో, అధ్యాయమంతా తడుముకోకుండా ఒప్పజెప్పాను. పాఠం చెప్పే ఆచార్యురాలు ఓపికగా విని, "ఇది పుస్తకం చెప్పిన మాట, మీరేమంటారు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఇక డబ్బు సంగతికి వస్తే, ఆమ్‌హర్స్ట్, బోడన్ కళాశాలలు విదేశీ విద్యార్థుల దరఖాస్తులను సైతం ఆర్థిక స్తోమతతో నిమిత్తం లేకుండా పరిశీలిస్తాయి. కెంటకీలోని బెరియాలోనైతే ట్యూషను ఫీజే లేదు, బదులుగా ప్రతి విద్యార్థీ కళాశాలలో ఏదో ఒక పని చేయాలి.

కృష్ణాతీరం:
చరిత్ర తరగతి బాగుంది. డిసెంబరులో మీరెక్కడ ఉన్నారో మాత్రం చెప్పలేదు.

మొక్కజొన్నచేలు:
మొదటి ఏడాది ఆ ఆచార్యుల ఇంట్లో ఉన్నాను. తరువాత ముందుగా దరఖాస్తు పెట్టుకున్న విదేశీ విద్యార్థుల కోసం ఒక భవనం తెరిచి ఉంచేవారు. భోజనశాల మూసేవారు గనుక, నేపాల్ మిత్రుడూ నేనూ ఒకే కుక్కరులో రోజూ పప్పన్నం వండుకున్నాం.

ఉలవచారు:
మా మేనల్లుడి కళాశాలలో సెలవులకు గది ఇచ్చారు గాని, విడిగా డబ్బు కట్టించుకున్నారు. ముందే అడిగి తెలుసుకోండి.

కృష్ణాతీరం:
అడిగితే గాని తెలియని తాళం గురించే నేను మాట్లాడుతున్నాను. లక్షలు కట్టించుకున్నవారు తామే చెప్పాలి కదా?

గట్టుమీద:
అయ్యా, మొదటి నుంచి తాళం గురించే రాస్తున్నారు. ఇంతకీ మీ అబ్బాయి ఆ మూడు వారాలు ఎక్కడున్నాడు?

కృష్ణాతీరం:
మిన్నెసోటాలో స్నేహితుడి ఇంట్లో ఉన్నాడట! అదీ నాకు ఆరు నెలల తరువాత తెలిసింది. సెలవుల తరువాత కళాశాలకు తిరిగి వెళ్లి, కంప్యూటర్ సైన్సు వదిలేసి మానవశాస్త్రంలో చేరాడు. మార్కులు తెలుపమని కళాశాలకు ఉత్తరం రాస్తే, విద్యార్థి అనుమతి లేనిదే చెప్పలేమని రెండు వాక్యాల్లో జవాబిచ్చారు. స్థలం అమ్మి ఫీజు కట్టింది నేను, రసీదు నా పేరున ఉంది, మార్కులు మాత్రం నాకు చెప్పరట.

మొక్కజొన్నచేలు:
అది ఆ కళాశాల పెట్టిన నియమం కాదు, 1974 నాటి సమాఖ్య చట్టం. కళాశాలలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. పెద్ద విశ్వవిద్యాలయానికి పంపినా మీకు అదే జవాబు వచ్చేది. కాబట్టి మీ అభ్యంతరం చిన్న కళాశాల మీద కాదండీ, మీతో చెప్పకుండా కొడుకు నిర్ణయం తీసుకోవడం మీద.

కృష్ణాతీరం:
అవును, దాని మీదే. తప్పా? మీ వాదనలో వీసా లేదు. చదువు పూర్తయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే గడువు 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) డిగ్రీ ఉన్నవారికి మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. మానవశాస్త్రానికి అది లేదు. ఏడాది తిరిగేసరికి హైదరాబాదు వచ్చేశాడు. వాడు నన్ను ఒక్కమాట అడిగి ఉంటే ఈ లెక్క చెప్పేవాణ్ణి.

మొక్కజొన్నచేలు:
ఆ లెక్క సరైనదే. ఒప్పుకుంటున్నాను. కాని అడిగితే ఒప్పుకునేవారా?

కృష్ణాతీరం:
ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఉలవచారు:
మరి మీ అన్నయ్యగారికి ఏం చెబుతారు?

కృష్ణాతీరం:
మే 1 లోపు డిపాజిట్ కట్టాలట. సెలవుల్లో గది ఇస్తారో లేదో కళాశాలకు రాసి అడగమని చెబుతాను. మార్కుల సంగతి మాత్రం నేను చెప్పను.