పాత కంప్యూటర్‌లో వీఎల్‌సీని సురక్షితంగా ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి?

అందరికీ నమస్కారం. విండోస్ 7తో నడిచే, 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్న మా ఇంటి కంప్యూటర్‌లో అక్క పెళ్లి డీవీడీ చూడాలని నాన్నగారు ముచ్చటపడుతున్నారు. డిస్క్‌లోని వీఓబీ ఫైళ్లకు (డీవీడీలో వీడియో ఉండే ఫైళ్లు) ఎంపెగ్-2 కోడెక్, అంటే ఆ వీడియోను విప్పి చూపే సాఫ్ట్‌వేర్ అవసరమని, వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో అది ముందే ఉంటుందని తెలిసి, గత ఆదివారం వెతుకులాటలో పైన కనిపించిన ఏదో సైటు నుండి దాన్ని దించుకున్నాను. అదే నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ ఉండటంతో అనుమానించకుండా ‘నెక్స్ట్’ నొక్కుతూ పోయాను. తీరా చూస్తే నేను అడగని టూల్‌బార్ ఒకటి బ్రౌజర్‌లో వచ్చి కూర్చుంది, హోమ్ పేజీ కూడా మారిపోయింది. తొందరపాటు నాదే, ఒప్పుకుంటాను.

ఆ వీఎల్‌సీని, టూల్‌బార్‌ను రెండింటినీ కంట్రోల్ ప్యానెల్ నుండి తొలగించాను. ఈసారి వీఎల్‌సీని తయారుచేసే వీడియోల్యాన్ వారి సొంత సైటు నుండే తీసుకుంటాను. మా కంప్యూటర్ వివరాల్లో ‘సిస్టమ్ టైప్’ ఎదురుగా 32-బిట్ అని ఉంది కాబట్టి 64-బిట్ ఫైలు పనికిరాదని అర్థమైంది. అయితే ఫైలు అసలైనదేనని నిర్ధారించుకోవడానికి ఆ సైటులో ఇచ్చే షా-256 విలువను (ఫైలుకు వేలిముద్ర లాంటిది), కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్‌తో వచ్చే సర్ట్‌యుటిల్ అనే సాధనం చూపే విలువతో పోల్చుకుంటే సరిపోతుందా, లేక ఇన్‌స్టాలర్‌పై ఉన్న డిజిటల్ సంతకాన్ని కూడా పరిశీలించాలా? టూల్‌బార్ తాలూకు అవశేషాలు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, విండోస్‌ను మళ్లీ ఎక్కించే అవసరం లేకుండా వాటిని తీసివేసే మార్గం ఉందా? వీఎల్‌సీని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే వెబ్ ప్లగిన్లను వదిలేస్తే డీవీడీ చూడటానికి ఇబ్బంది వస్తుందా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి తెలుపగలరు.